స్వెటర్ రంగు చూడబోయి గవర్నర్ క్షమాభిక్ష దాకా

మా ఆయన ప్రసాద్ మీద దొంగతనం కేసుండేదంటే ఇప్పుడెవరూ నమ్మరు. డెబ్బైల చివర్లో, అమెరికాలో న్యూజెర్సీలోని పార్సిప్పనీకి వచ్చిన కొత్తలో, ఒక బట్టల షాపులో నాకో స్వెటర్ నచ్చింది. అది నీలమో నలుపో ట్యూబ్‌లైట్ల కింద తేలలేదు. "గుమ్మం దగ్గర వెలుతురులో చూడండి" అన్నాను. చీర కొన్నప్పుడల్లా మనం చేసే పనే కదా. ఆయన గుమ్మం దాటి రెండడుగులు వేశారో లేదో గార్డు పట్టుకున్నాడు. కోర్టులో జడ్జిగారు అడిగితే, పెద్దవాళ్లతో వాదనేమిటని "యెస్ సర్, సారీ సర్" అనేశారు. నేరం ఒప్పుకున్నట్టు రాసుకున్నారు. ఐదారేళ్ల తర్వాత ఫార్మసిస్టు లైసెన్సుకి అప్లై చేస్తే ఆ కాగితమే అడ్డుపడింది.

ఇక గవర్నర్ క్షమాభిక్షే దిక్కన్నాడు లాయరు. ఒకప్పుడు ఇంగ్లండులో ఉరిశిక్ష పడినవాణ్ణయినా రాజు తన అధికారంతో వదిలేయగలిగేవాడట. అమెరికావాళ్లు రాజును వద్దనుకున్నారు గానీ ఆ అధికారాన్ని గవర్నర్ల చేతిలో ఉంచారు. "అక్కడ వాదించకండి, సారీ చెప్పండి చాలు" అని లాయరు మరీ మరీ చెప్పాడు.

పొద్దున్న ఏడున్నరకి గవర్నర్ ఆఫీసుండే ట్రెంటన్‌కి బయల్దేరాం. 287 హైవే మీద సోమర్‌విల్ దాకా వెళ్లి, 206 రోడ్డు పట్టుకుంటే ప్రిన్స్‌టన్ మీదుగా మొత్తం గంటన్నర. దారిలో డైనర్‌లో కాఫీకి ఆగాం. వెయిట్రెస్ ఆయన టై చూసి, "పెళ్లికా, కోర్టుకా?" అంది.

"రాజుగారి దగ్గరికి" అన్నాను. ప్రసాద్ నవ్వలేదు. "చెయ్యని దానికి మళ్లీ సారీ చెప్పలేను లక్ష్మీ" అన్నారు.

కారు రెండు డాలర్లకి పార్క్ చేసి లోపలికెళ్లాం. గవర్నర్ తరఫున విచారించే అధికారి ఒక పెద్దావిడ. చేసినదానికి బాధపడుతున్నారా అని అడిగింది.

"నేను దొంగతనం చెయ్యలేదు మేడమ్."

"అది తేల్చాల్సింది కోర్టు. ఇక్కడ క్షమించడమే ఉంటుంది."

లైసెన్సు పోయినట్టేననుకున్నాను. ఆపుకోలేక, వెలుతురులో చూడమన్నది నేనేనని ఏడ్చేశాను. ప్రసాద్ నా చెయ్యి పట్టుకుని, "సారీ మేడమ్, తప్పు నాదే" అన్నారు.

నాలుగు నెలలకి క్షమాభిక్ష వచ్చింది, తర్వాత లైసెన్సూ వచ్చింది. ఈ దేశంలో కోర్టుకెళ్లాల్సి వస్తే, లాయర్‌తో మాట్లాడకుండా మర్యాద కోసం సారీ చెప్పకండి. ఆ కాగితం ఇప్పటికీ మా బీరువాలో ఉంది. అందులో క్షమించామని రాసింది ఆయన్ని. క్షమాపణ అడగాల్సింది నేను. ఆ రోజు ట్రెంటన్ నుంచి తిరిగొస్తూ కారులో అడిగాను. "ఇంతకీ అది నీలమేనోయ్" అన్నారు.