బరువుంటేనే మెత్తబడే బండి

జబల్పూరులో మిలిటరీ వాళ్ళు పాత బండ్లు వేలం వేసిన రోజున వాన పడుతోంది. వరసలో చివరన ఒక టన్ను మోసే ‘ఒంటన్ను’ ట్రక్కు ఒకటి, ఆకుపచ్చ రంగు పెచ్చులూడి, బురదలో దిగబడి ఉంది. బంగారయ్య ఎక్కి స్టార్టరు నొక్కాడు. ఇంజను ఒకసారి దగ్గి, గొంతు సవరించుకుంది. నాలుగు చక్రాలూ ఒక్కసారే నేలను పట్టుకున్నాయి. బండి బురదలోంచి పైకి లేచింది. ఆ లేవడం తన కడుపులో ఎక్కడో జరిగినట్టనిపించింది అతనికి.

అతని తండ్రి విజయనగరం పక్క పల్లె నుంచి వచ్చి రాయపూర్ రైల్వేలో వాగన్లు బాగుచేసే పనిలో చేరినవాడు. కాలనీలో మగపిల్లలందరూ రైల్వేలోకే వెళ్ళేవారు. బంగారయ్య వెళ్ళలేదు. ఎటు పోవాలో పట్టాలే చెప్పే బతుకు తనకొద్దన్నాడు. దారి లేనిచోటికి పోయే బండి కావాలన్నాడు.

రెండేళ్ళు అలాగే పోయాడు. గరియాబంద్ అడవుల్లోకి ఫారెస్టు వాళ్ళ గుడారాలు, ధమ్‌తరి పక్క ఊళ్ళకు టూరింగు సినిమా వాళ్ళ యంత్రాలు, వాగులు దాటి పెళ్ళిళ్ళకు వెళ్ళే చుట్టాలు. సుభద్రను పెళ్ళిచేసుకున్నాక ఆమె కూడా ముందుసీట్లో కూర్చునేది. మోదుగులు పూసిన రోజుల్లో అడవి రెండు పక్కల నుంచీ ఎర్రగా లోపలికి వచ్చేది. ఆమె చెయ్యి బయటపెట్టి గాలిని నిమురుతూ ఉండేది. తర్వాతి జీవితమంతా ఆ రెండేళ్ళ వైపు తిరిగి ఉన్న కిటికీలా మిగిలిపోయింది.

ఒకరోజు వెనక చక్రాల మీద కుదుపు మింగే కమాను కట్టలో ఒక పట్టీ విరిగింది. బజార్లో కొత్త పట్టీ దొరికేది. కానీ ఆ కాలనీలో రైలుదంటే దేవుడిచ్చిందని లెక్క. పాత పట్టాముక్క గడప పక్కన బరువుగా ఉండేది. వాగను చెక్క మంచమయ్యేది. మసాలా నూరుకునే బండ కూడా ఏదో ఇంజను ముక్కే. సుభద్ర అన్న గురునాథం వాగన్ల కింద కమాన్లు బిగించే ఫిట్టరు. విరిగిన పట్టీని చేతిలో ఊపి నవ్వాడు.

"ఇది కమానేటిరా బంగారీ? దువ్వెన. వాగన్ కమానెయ్యి. నీ మనవలు కూడా తిరగొచ్చు."

"బరువైపోదేటి బావా?"

"రైలు మోసింది దాన్ని. నీ డబ్బా మొయ్యలేదేటి? రేపు స్క్రాప్ నీలామ్ ఉంది, వేలంలో కొనేద్దాం, పద."

వాగను కమాన్లు ట్రక్కు చట్రానికి పొడవెక్కువ. గురునాథం గ్యాసు మంటతో చట్రాన్ని కోశాడు. కొత్త కొక్కేలు అతికించాడు. వెనకభాగం జానెడు పైకి లేచి, బండి నేలను వాసన చూస్తున్నట్టు ముక్కు కిందకు వాలింది. దాన్ని సరిచేయడానికి ముందు పెద్ద టైర్లు వేశారు. టైర్లు పెద్దవయ్యాక స్టీరింగు తిరగలేదు. స్టీరింగు చక్రానికి ఇనపగొట్టం అతికించి పొడవైన పిడి చేశారు. దాన్ని ఎప్పుడు లాగాలో, ఎప్పుడు వదలాలో బంగారయ్య భుజానికి తప్ప ఇంకెవరికీ తెలిసేది కాదు. నడపబోయిన డ్రైవర్లందరి చేతుల మీదా అది ఒక్కొక్క దెబ్బ వేసి పంపింది.

కమాన్లు మాత్రం వంగలేదు. ఇరవై టన్నుల కింద వంగడానికి పుట్టిన ఇనుము అది. ఒంటన్ను బండిని బరువుగానే గుర్తించలేదు. చిన్న రాయి తగిలినా బండి మొత్తం ఎగిరి పడేది. సినిమా వాళ్ళ యంత్రంలో దీపం పగిలింది. పెళ్ళివారిలో ఒక ముసలమ్మ దిగీ దిగగానే అడిగింది: "ఏం నాయనా, పెళ్ళికి తెచ్చావా, పళ్ళు రాల్చడానికి తెచ్చావా?" తిరుగు ప్రయాణానికి వాళ్ళు ఎడ్లబండి మాట్లాడుకున్నారు. టాటీబంధ్ కూడలిలో బాడుగ కోసం నిలబడితే లారీవాళ్ళు కేకలేసేవారు: "అరే బంగారూ, పట్రీ కహాఁ భూల్ ఆయా?" పట్టాలెక్కడ మరిచిపోయి వచ్చావని.

పాత కమాన్లు తిరిగి వేద్దామంటే, అవి కూర్చునే చోటు మంటలో తెగిపోయింది. వెనక్కు వెళ్ళే దారిని వాళ్ళిద్దరూ సొంత ఖర్చుతో కోసేసుకున్నారు.

ఎంత ఎగిరినా ఏమీ కానిది రాయి ఒక్కటే. అందుకని మందిర్ హసౌద్ అవతల రాతిక్వారీకి వెళ్ళాడు. నిండా పలకలు ఎక్కించాక తెలిసింది, ఆ బండి బరువు కింద మాత్రమే మెత్తబడుతుందని. మోస్తున్నప్పుడు నావలా ఊగేది. దించి తిరిగి వస్తున్నప్పుడు మళ్ళీ పిచ్చెక్కేది. క్వారీ అంచున రేకుల ఇంట్లో కాపురం పెట్టాడు. రోజూ గొయ్యి అంచు నుంచి బయలుదేరి, పొద్దువాలే సరికి మళ్ళీ ఆ గొయ్యి అంచుకే వచ్చేవాడు. పట్టాలు వద్దన్న మనిషికి చక్రాలు తొక్కిన రెండు గాడులే పట్టాలయ్యాయి.

అక్కడికి వెళ్ళిన ఏడాదే, సుభద్ర అయిదో నెలలో ఉండగా, హసౌద్ సంత నుంచి ఖాళీ బండిలో ఇంటికి వచ్చింది. మర్నాడు కడుపు పోయింది. బండి వల్లనేనని చెప్పలేం, వేరే కారణాలూ ఉంటాయి అన్నాడు డాక్టరు. సుభద్ర మాత్రం మళ్ళీ ఆ బండి ఎక్కలేదు. ఆ తర్వాత ఎక్కడికైనా నడిచే వెళ్ళేది. అతను పక్కనే నెమ్మదిగా బండి నడుపుకుంటూ వచ్చినా తల తిప్పేది కాదు.

మళ్ళీ నెలలు నిండుతున్నాయి. భాద్రపదం. వానకు క్వారీ గోతులు చెరువులై పని ఆగిపోయింది. నొప్పులు నెల ముందే, ఒక పొద్దున మొదలయ్యాయి. క్వారీలో పురుళ్ళు పోసే సూరమ్మ చాలాసేపు చెయ్యి వేసి చూసి, బయటికి వచ్చి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"బిడ్డ అడ్డం తిరిగిపోనాది నాయనా. నా సేతిలో లేదు. పెద్దాసుపత్రికి ఎట్టుకుపో. ఎంత తొరగా అయితే అంత తొరగా."

రాయపూర్‌కు దారి ఒకటే. ముందు మైలున్నర దూరం ఉత్త బండరాయి, మెట్లుమెట్లుగా. తర్వాత వాగు. వాగు దాటాక నల్లరేగడి. ఆపైన పెద్దరోడ్డు. వాగులో నీళ్ళు మొలలోతున జోరుగా పోతున్నాయి. మంచం మీద మోసుకెళ్దామంటే మనుషుల కాళ్ళు నిలవవు. ఎడ్లు దిగవు. దాటగలిగింది ఆ ట్రక్కు ఒక్కటే. కానీ ఆ బండరాయి మీద ఖాళీ ట్రక్కు ఏం చేస్తుందో ఆ ఇంట్లో ఇద్దరికీ తెలుసు.

"నానెక్కను," అంది సుభద్ర గోడవైపు తిరిగి.

"రాళ్ళెక్కించుతాను. సగం బండికి రాళ్ళెక్కిస్తే మెత్తగా ఎల్తాది."

"రేగట్లో?"

ఆ బరువుతో రేగడిలో దిగితే బండి ఇరుసు దాకా కూరుకుపోతుంది. అక్కడ రాళ్ళు దించి, మళ్ళీ పెద్దరోడ్డు గుంతల కోసం ఎక్కించాలంటే పూట పడుతుంది. బరువు లేకపోతే బిడ్డ దక్కదు. బరువుంటే దారి దక్కదు. అతను బయటికి వచ్చి ఆ కమాన్ల ముందు కూర్చున్నాడు. పట్టీ మీద పట్టీ పేర్చుకుని అవి మూసిన పెదవుల్లా ఉన్నాయి. ఇన్నేళ్ళలో ఆ బండిని మొదటిసారి కాలితో తన్నాడు. అది కదల్లేదు.

లోపలి నుంచి సుభద్ర పిలిచింది. నొప్పి వచ్చి పోయే సందులో, ఊపిరి కూడదీసుకుని మాట్లాడింది.

"ఆదివారం సంతకి అందరినీ ఎక్కించుకుని ఎల్తావు గదా. ఆరోజు సప్పుడుండదు. రేకులు అదరవు. తొంగుని ఇంటుంటాను గదా, నాకు తెలుసు."

"అయితే?"

"రాళ్ళు దిగవు. మనుసులైతే దిగుతారు."

క్వారీ కూలీల పెద్ద బిసాహూ. ఊరు ఆరంగ్ వైపు. తెలుగువాళ్ళతో పనిచేసి సగం తెలుగు నేర్చుకున్నాడు. బంగారయ్య చెప్పింది విని, తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు.

"అంటే మేం పత్థరా, భాయీ? రాళ్ళమా?"

"ఒక్క పూటకి."

"హవ్. బైఠబో." కూర్చుంటామన్నాడు. గుడిసెల వైపు తిరిగి కేక పెట్టాడు.

ఆడవాళ్ళూ మగవాళ్ళూ ముప్పై నలభై మంది వచ్చారు. కొందరు ఆడవాళ్ళు చంటిపిల్లల్ని ముసలివాళ్ళకు అప్పగించి వచ్చారు. సూరమ్మ బండి వెనక నిలబడి మనుషుల్ని ఏరింది.

"నువ్వు దిగు, ఎండుపుల్లలాగున్నావు. నీ కాడ తూకమేటుంది? ఒలే కోటమ్మా, నువ్వెక్కు. అదీ! నీ తిండి ఇయ్యాల పనికొచ్చింది."

"తిన్నది నా మొగుడి సొమ్ము, నీదేటి?" అంటూ కోటమ్మ ఎక్కి కూర్చుంది. బండి కొద్దిగా కిందికి దిగింది. అందరూ నవ్వారు. ఒక్కొక్కరు ఎక్కుతున్నకొద్దీ ఆ మొండి ఇనుము వేళ్ళు తెరుస్తున్నట్టు సడలింది.

సుభద్ర మంచాన్ని బండి నేల మీద పెట్టలేదు. కాళ్ళు చాపుకుని ఎదురెదురుగా కూర్చున్న మనుషుల ఒళ్ళో పెట్టారు. ఆమె అన్ని మోకాళ్ళ మీద పడుకుని, పైన కదులుతున్న మబ్బును చూస్తూ, కొంగు పళ్ళ మధ్య కరిచిపట్టుకుంది.

బండి రాతి మెట్లు దిగింది. బంగారయ్య భుజం పిడిని లాగుతూ, వదులుతూ ఉంది. చెవులు మాత్రం వెనకే ఉన్నాయి. ఏ గుంత దగ్గరా ఆమె అరుపు వినబడలేదు. వాగులో నీళ్ళు పక్క నుంచి తోశాయి. అంతమంది బరువుకు చక్రాలు అడుగురాతిని పట్టుకుని నిలిచాయి. రేగడి రాగానే బిసాహూ "ఉతరో!" అన్నాడు. మంచం పట్టుకున్న నలుగురూ సూరమ్మా తప్ప అందరూ దిగారు. రేగడి పరుపులా మెత్తగా ఉంది, అక్కడ కమాన్లతో పనిలేదు. మోకాళ్ళదాకా బురదలో నడుస్తూ, చక్రాలు జారినచోట వెనక నుంచి తోస్తూ, పెద్దరోడ్డు చేరాక కాళ్ళు కూడా కడుక్కోకుండా మళ్ళీ ఎక్కి కూర్చున్నారు. నల్లటి కాళ్ళు, నల్లటి చీరకుచ్చెళ్ళు. రాయపూర్‌లో తేలీబాంధా చెరువు పక్క నుంచి పోతుంటే ఊళ్ళో వాళ్ళు ఏదో జాతర వస్తోందనుకుని ఆగి చూశారు.

ఆస్పత్రిలో సుభద్రను స్ట్రెచర్ మీద లోపలికి తీసుకుపోయారు. ఆపరేషన్ చెయ్యాలన్నారు. కబురందుకుని గురునాథం డ్యూటీ బట్టల్లోనే పరుగెత్తుకొచ్చాడు. చెల్లెలు వెళ్ళిన తలుపు వైపు చూశాడు. బయట నిలబడ్డ బండి వైపు చూసి తల దించుకున్నాడు.

తలుపు తెరుచుకోలేదు. వాన మళ్ళీ ఎక్కింది. చంటిపిల్లల తల్లులు వరండాలో ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకామె రవిక పాలతో తడిసింది. బిసాహూ దగ్గరికొచ్చి వాన వైపు చూశాడు. అడగక్కర్లేదు. ఇంకాసేపాగితే వాగును ట్రక్కు కూడా దాటలేదు. పిల్లలు అవతల ఉన్నారు.

"బావా, నువ్వు తోలుతావేటి?" అన్నాడు బంగారయ్య.

గురునాథం చేతులు ముందుకు చాపి, ఆ పిడిని పట్టుకున్నట్టు ఊహించి, మళ్ళీ దించేశాడు. "నాను సేసినదే గానీ... నాకు రాదురా."

"ఇంకెవరికీ రాదు."

"ఎల్లు. నానుంటాను. సూరమ్మా ఉంటాది."

మూసిన ఆ తలుపు మీద ఒకసారి అరచెయ్యి ఆనించి, బంగారయ్య వెళ్ళి బండెక్కాడు. తిరుగుదారి అంతా బండి ఎంత మెత్తగా పోయిందో! వాగు బానెట్ మీదికి ఎక్కి దిగింది. గుడిసెల ముందు తల్లులు దూకి పరుగెత్తారు. ఖాళీ అయిన బండి కిర్రుమని లేచి, మళ్ళీ బిగుసుకుంది.

ఆ సాయంత్రమే వాగు పొంగింది. గట్లు కనబడలేదు. క్వారీ దీవి అయిపోయింది. బంగారయ్య రోజూ ఒడ్డున కూర్చుని నీళ్ళను చూసేవాడు. ఎగువ నుంచి కొట్టుకొచ్చే కొమ్మలు, నురగ, ఒక గంప. నీళ్ళకు అన్నీ తెలిసినట్టుండేది, ఏదీ చెప్పేవి కావు. ఎవరో అన్నం తెస్తే పక్కన పెట్టించుకునేవాడు.

వాన వెలిసిన ఒక మధ్యాహ్నం అవతలి ఒడ్డు మీద మనిషి కనబడ్డాడు. ప్యాంటు మోకాళ్ళదాకా మడిచిన గురునాథం. ఏదో అరిచాడు. హోరులో అతని నోరు మాత్రమే కదిలింది. మళ్ళీ అరిచాడు. మాటలు సగం నీళ్ళ మీదే మునిగిపోయాయి. అప్పుడు అతను అరవడం మాని, రెండు చేతులూ మడిచి ఒడిలో ఏదో ఊపుతున్నట్టు ఊపాడు. ఒక చెయ్యి విడదీసి, చూపుడువేలు ముక్కు పక్కన, ముక్కుపుడక ఉండేచోట ఆనించాడు.

ఆడపిల్ల.

బంగారయ్య తన మెడ చుట్టూ వేలితో పుస్తెలతాడు గీసి, చెయ్యి తిప్పి అడిగాడు. గురునాథం తల ఊపాడు, చాలాసార్లు. తర్వాత ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంటున్నట్టు చూపించి, ఇంకా పెట్టమని విసుక్కుంటున్నట్టు చెయ్యి చాపాడు. తింటోంది. కసురుకుంటోంది కూడా.

బిసాహూ వాళ్ళు గుడిసెల్లోంచి ఒడ్డుకు వచ్చేశారు. ఏమైందని అడుగుతున్నవాళ్ళకు, చూసినవాళ్ళు నోటితో చెప్పకుండా ముక్కు మీద వేలు పెట్టి చూపించారు. ఆ సైగ కోటమ్మ దాకా పోయింది, గట్టు చివర పిల్లల దాకా పోయింది. వాగుకు ఇటువైపు అందరూ ముక్కు మీద వేలు పెట్టుకుని, దాటలేని నీళ్ళ మీదుగా అటువైపున్న ఒక్క మనిషిని చూసి నవ్వుతున్నారు. నీళ్ళు ఇంకా తగ్గలేదు.