మంచుగోడకు పడని వేపుడు

ఎల్వీనా గ్లేసియర్ బే అనే మంచు అఖాతంలో తిరిగే యాత్రికుల పడవలో ఇరవై రెండు వేసవులు వంట చేసింది. హిమానీనదం అంచున నిలిచిన మంచుగోడ విరిగి సముద్రంలో పడటం మాత్రం ఒక్కసారీ చూసిన పాపాన పోలేదు. అది పడేవేళకు యాత్రికులంతా పైన, ఆవిడ కింద, సాల్మన్ చేపల చారు దగ్గర. ధన్‌మని చప్పుడు, గిన్నెల గలగల. ఆవిడ వాటాకు వచ్చేది అంతే.

మోకాళ్లు మొరాయించడంతో ఆవేళ ఆఖరి ప్రయాణం. చారు దింపేసి పైకెక్కింది. గంట గడిచినా గోడ కదల్లేదు. మంచుపలకల మీద సీల్ జంతువులు బోర్లా పడుకుని ఆవలిస్తున్నాయి.

"ఏమండీ, ఇది ఎన్నింటికి పడుతుంది?" అన్నాడో ఎర్రటోపీ ఆసామి.

"దాన్నే అడగండి," అన్నాడు కెప్టెన్ రోలండ్. "ఎల్వీనక్కా, ఇంకో పావుగంటే. పోటు తిరిగేలోగా పడవ తిప్పెయ్యాలి."

"ఇరవై రెండేళ్లకు పావుగంటా! ఎంత పెద్ద చెయ్యిరా నీది!"

హిమానీనదం ముందు కొవ్వు వేపకూడదని, ఆ కమురు దానికి గిట్టదని, కోపమొస్తే మీదికొస్తుందని దగ్గర్లోని హూనా ఊళ్లో ట్లింగిట్ తెగ అమ్మమ్మలు చెబుతారు. ఆ అమ్మమ్మల చేతుల్లోనే పెరిగిన ఎల్వీనా ఇన్నేళ్లూ ఇక్కడ అన్నీ ఉడకబెట్టే పెట్టింది. ఈ నమ్మకాన్ని విశ్వవిద్యాలయాలవాళ్లు ఎంతో భక్తిగా రాసుకుపోయారు. పెనం పెట్టి చూద్దామని మాత్రం ఒక్కరికీ తోచలేదు.

ఎల్వీనాకు తోచింది. కిందికి దిగి, ఉన్న పందిమాంసమంతా పెద్ద పెనం మీద పరిచి, కిటికీలన్నీ బార్లా తెరిచింది. కమురు గుప్పుమంది. తిరిగి మెట్లెక్కబోతే తొంభైమంది యాత్రికులు ఎదురొచ్చారు.

"తప్పుకోండయ్యా! నన్ను పోనివ్వండి!"

"వేపుడేనా? అందరికీ వస్తుందా?" అన్నాడు ఎర్రటోపీ.

"పెనం మీదుంది. మీరే తిప్పుకోండి. మాడిస్తే ఆ పాపం మీదే!"

రోలండ్ చుక్కాని దగ్గరున్నాడు. పైన మిగిలింది ఎల్వీనా ఒక్కతే. కమ్మీ పట్టుకుని మంచుగోడతో మెల్లగా అంది: "తాతా, మా అమ్మమ్మ పెంపకాన్ని ఏమీ అనకు. తప్పంతా నాదే. కానీ కాస్త తొందరగా కోప్పడు."

గోడ చిటపటలాడింది. ఏడంతస్తుల నీలిముక్క ఒకటి, స్నానానికి దిగే ముసలాయనలా, తాపీగా నీళ్లలోకి జారింది. తరవాత ధన్‌మంది. సీళ్లు బుడుంగుమన్నాయి. పడవ ఊగింది. ఎల్వీనా నోరు తెరుచుకుని మొత్తం చూసింది, ముక్క మునిగి, తేలి, పక్కకు దొర్లేదాకా.

కిందినుంచి, నోటినిండా వేపుడుతో, ఎవరో కేకేశారు: "ఏమైందమ్మా? ఏమైంది?"

"ఏం లేదు!" అని అరిచింది ఎల్వీనా. "తినండి, తినండి!"