గేటు బయటి జాబర్

2021లో, కరోనా రెండో అల తగ్గి కార్ఖానాలు మళ్లీ తెరుచుకున్న వానాకాలంలో, నేను సోలాపూర్‌లో సర్కారీ కామ్‌గార్ అధికారిగా పనిచేస్తున్నాను. కార్మికుడికీ యజమానికీ తగాదా వస్తే ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీ కుదర్చడం, కుదరకపోతే ఆ సంగతి పై అధికారికి రాసి పంపడం నా పని. ఫైళ్లన్నీ మరాఠీలో నడిచేవి, నేతపనివాళ్లలో తెలుగువాళ్లే ఎక్కువ కనుక తగాదాలు మాత్రం ఎక్కువగా తెలుగులో నడిచేవి.

నీలం నగర్‌లోని ఒక తువ్వాళ్ల కార్ఖానా నుంచి ఫిర్యాదు వచ్చింది. యజమాని వెంకటేశ్ సేటు గేటుకు నోటీసు అంటించాడు: టీకా సర్టిఫికెట్ చూపనివారికి లోపలికి ప్రవేశం లేదు. అందరూ చూపించారు, మల్లేశం తప్ప. మల్లేశం అక్కడ జాబర్, అంటే సాంచెలు, అదే మరమగ్గాలు, మొరాయిస్తే బాగుచేసే మనిషి. ఇరవై నాలుగు సాంచెలకూ అతనొక్కడే దిక్కు. వారం రోజులుగా బయట నిలబెట్టారనీ, ఇంకో వారం చూసి పనిలోంచి తీసేస్తామన్నారనీ ఫిర్యాదు.

ముందుగా చెప్పకుండా తనిఖీకి వెళ్లాను. గేటు ముందు స్టూలు మీద మల్లేశం కూర్చుని ఉన్నాడు. పనివేళ మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా రోజూ అక్కడే ఉంటున్నాడట. హాజరైన మనిషికి పని ఇవ్వకపోతే తప్పు యజమానిదే అవుతుందని యూనియన్ వాళ్లు చెప్పారట. అంతవరకూ బాగానే ఉంది. కానీ అతని చుట్టూ ఎనిమిది మంది మూగి ఉన్నారు, మాస్కులు గడ్డాల కింద. ఒకడి చేతిలో మగ్గంలో పోగును అటూ ఇటూ నడిపే నాడె, ఇంకొకడి చేతిలో పళ్ల చక్రం. సాంచె ఆగినప్పుడల్లా భాగం విప్పి బయటికి తెస్తున్నారు. తేలేనివాటికి మల్లేశం గోడ మీదుగా అరుస్తున్నాడు.

"ఆరో నంబరుది బెల్టు ఢీలా అయింది, చప్పుడు ఇనబడ్తలేదా?"

కిటికీలోంచి సేటు గొంతు వచ్చింది. "ఇంకా బిగించాల్నా?"

ఒక్క మనిషిని దూరంగా ఉంచడానికి పెట్టిన నియమం కార్ఖానా మొత్తాన్నీ అతని చుట్టూ చేర్చింది. తనిఖీ రిపోర్టులో దీన్ని ఏ గడిలో రాయాలో నాకు తెలియలేదు.

మర్నాడు ఇద్దరినీ ఆఫీసుకు పిలిచాను. సేటు అన్న రెండో అలలో పోయాడు. లోపల పనిచేసే ముప్పై మందికీ తానే జిమ్మేదార్‌నని చెబుతున్నప్పుడు ఆయన గొంతులో భయం నటన కాదు. టీకా స్వచ్ఛందమని సర్కారే చెప్పింది కదా అని మల్లేశం వాదన. నేను ఇద్దరికీ చట్టం చెప్పాను: బలవంతంగా టీకా వేయించలేరు, సంజాయిషీ అడగకుండా, విచారణ జరపకుండా తీసేయడం చెల్లదు, అయితే పనిచోటు సురక్షితంగా ఉంచే బాధ్యత యజమానిదే. గంట గడిచింది. అప్పటికి గాని అసలు ఎందుకు వద్దన్నావని మల్లేశాన్ని అడగాలని నాకు తోచలేదు.

"అది నా హక్కు మేడం" అన్నాడు.

ఇంట్లో బీడీలు చుట్టుకునే అతని భార్య లచ్చవ్వ, టిఫిన్ డబ్బాతో గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

"హక్కు లేదు గిక్కు లేదు మేడం. సూదంటే ఆయనకు భయం. పోయినసారి దవాఖాన గోడ దుంకి ఉరికిండు."

సేటు నవ్వు ఆపుకోలేకపోయాడు. మల్లేశం నేల చూస్తూ, భయం నిజమే గాని అదొక్కటే కాదన్నాడు. టీకా వేసుకున్నాక, అదే కార్ఖానాలో సాంచె నడిపే రాజన్నకు జ్వరం వచ్చింది. పనికి రాని రెండు రోజులూ సేటు నాగా వేసి జీతం కోశాడు.

"నువ్వు నాకు ఈ మాట చెప్పలే గదా" అన్నాడు సేటు.

"మీరు నన్ను అడిగిన్రా?"

ఇక ఒప్పందం పావుగంటలో తయారైంది. ఒకటి, నోటీసు వెనక్కి తీసుకోవాలి. రెండు, టీకా తర్వాత రెండు రోజులు జీతంతో సెలవు, రాజన్నతో సహా అందరికీ. మూడు, మల్లేశం తన ఇష్టంతో టీకా వేయించుకుంటాడు. మూడోదానికి అతనొక షరతు పెట్టాడు: నేను పక్కన ఉండాలి.

టీకా కేంద్రంలో అతను చొక్కా చెయ్యి పైకి మడిచి, సరేనని నర్సుకు చెప్పి, కళ్లు గట్టిగా మూసుకుని, ఒప్పందంలో రెండో అంశం చదవమన్నాడు. చదివాను. మళ్లీ చదవమన్నాడు. మూడోసారి పూర్తయ్యాక ఊపిరి బిగబట్టి, "ఇగ ఏయమనుండ్రి" అన్నాడు. మొదటిసారి చదువుతుండగానే అయిపోయిందని నర్సు మరాఠీలో చెప్పింది.

"ఏసేటప్పుడు చెప్పద్దా? దీని మీద గూడ ఫిర్యాదు రాస్త!" అని లేచాడు. కాగితం ఇచ్చాను. రాయలేదు.

రెండో రోజు పొద్దున్నే సేటు నుంచి ఫోన్. మల్లేశానికి జ్వరమే రాలేదు, మరి సెలవు ఎందుకని ఆయన ప్రశ్న. ఫైలు తీసి చూశాను. "టీకా తర్వాత రెండు రోజులు" అని ఉంది. జ్వరం అన్న మాట ఎక్కడా లేదు. ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించాను.

హక్కు అనే మాట వినగానే చట్టం తెరిచే అలవాటు ఆ తర్వాత మానుకున్నాను. ముందు కారణం అడిగేదాన్ని, ఆ ప్రశ్నతోనే చాలా తగాదాలు చిన్నవయ్యేవి. నేర్చుకున్న రెండో సంగతి, ఒప్పందంలో రాయకుండా వదిలిన మాట కూడా ఎవరో ఒకరి పక్షాన నిలుస్తుంది. ఆసారి మల్లేశం పక్షాన నిలిచింది. కావాలనే వదిలేశారా అని సేటు అడిగితే, ఒప్పందం ఒప్పందమేనని గంభీరంగా జవాబిచ్చాను. నిజానికి అది నా పొరపాటు. పదవీ విరమణ అయింది కనుక ఇప్పుడు చెప్పవచ్చు.