ఖాదరన్న విమానానికి గవాచి

నిన్న పక్కింటివాళ్ళు చిరిగిన కంబళిని చెత్తతో కలిపి తగలబెట్టారు. కాలిన ఉన్ని వాసన తగలగానే నాకు ఖాదరన్న గుర్తొచ్చాడు. మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. యుద్ధకాలంలో విమానాల మెకానిక్‌గా పనిచేసి, గుత్తికి తిరిగొచ్చి, నీటిపంపుల ఇంజన్లు బాగుచేసే షెడ్డు పెట్టుకున్నాడు. యాభైల చివర్లో ఆ షెడ్డులోనే ఒక మనిషి కూర్చునే విమానం కట్టడం మొదలుపెట్టాడు. నేను ఆయన దగ్గర రేకుల పనివాణ్ణి. ఆయనకు పిచ్చి పట్టిందని ఊరంతా అంది. ఆయన జీతం తింటూనే నేనూ అన్నాను.

రెక్కలు, తోక కుదిరాయి. ఇంజనే మొండికేసింది. పాత సామాన్లలో దొరికిన ఆ ఇంజను గాలితోనే చల్లబడాలి. మా ఎండకు కాసేపు తిరిగితే చాలు, నిప్పులా కాగేది. ఒక సిలిండరు పగిలింది. దాని బదులు వెయ్యడానికి ఉన్నది ఇంకొక్కటే. అదీ పోతే విమానం అంతటితో సరి. గాలి బాగా రావాలని ఇంజను మీది రేకు తొడుగుకు ముందువైపు నోరు పెద్దది చేశాను. అయినా కాగింది. ఇంకా పెద్దది చేశాను. మునుపటికంటే ఎక్కువ కాగింది.

"ఇడ్సిపెడదామన్నా," అన్నాను.

"ఇడ్సిపెట్టేదానికేనా ఇన్నాళ్ళు సచ్చింది? కొట్టప్పా రేకు," అన్నాడు.

మా ఊళ్ళో మబ్బు కనిపిస్తే చాలు, మిద్దె ఎక్కి, పొగ పోయేందుకు కప్పులో వదిలిన కంతను, అదే గవాచిని, బండతో మూసేస్తాం. చినుకు పడకపోయినా ఆశ చావక ఆ బండ తియ్యం. ఆ వేసవిలో అలా మూసి ఉన్న ఆయన ఇంట్లో అన్నం తింటున్నాం. వాకిలి బార్లా తీసి ఉంది, బయట గాలి హోరుమంటోంది, లోపల మాత్రం ఉడికిపోతున్నాం. ఖాదరన్న ముద్ద ఆపి పైకి చూశాడు. ఎంగిలి చేత్తోనే మిద్దె ఎక్కి బండ లాగేశాడు. పొయ్యి పొగ పైకి లేచింది, దాని వెనకే వాకిట్లో గాలి లోపలికొచ్చింది.

"ఏమప్పా ఓబులేసూ, వాకిలి పెద్దది చేస్తానే ఉండాం. గవాచి పెట్టినామా?" అని పైనుంచే అడిగాడు.

నెలల తరబడి నేను కొట్టిన తొడుగును మర్నాడే పక్కన పడేయించాడు. నాకు ఏడుపొచ్చింది. కొత్తదానికి ముందు నోరు చిన్నది, కింద వెనకవైపు గాలి పోయే దారి పెద్దది. సందుల్లోంచి గాలి తప్పించుకోకుండా సిలిండర్ల చుట్టూ రేకులు బిగించి, వాటి అంచులకు ఆయన కప్పుకునే కంబళినే చీల్చి కుట్టాం.

"సలికాలం ఏం కప్పుకుంటావన్నా?"

"ముందు ఇది సల్లబడనీ. నా సలి తర్వాత సూస్తాం."

కావాలనే మిట్టమధ్యాహ్నం, ఎండిన చెరువులో విమానాన్ని నడిపాడు. ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి తిప్పి నడుపుతుంటే ఉన్ని మాడిన వాసన వచ్చింది. సిలిండరు పోయిందనే అనుకున్నాను. ఇంజను ఆగలేదు. చివరి విడతలో చక్రాలు నేలను వదిలాయి. నిలువెత్తు లేచి, మెల్లగా దిగింది.

ఆయన దిగొచ్చాడు. నా చెయ్యి పట్టుకుని తొడుగు మీద ఆనించాడు.

"సూడు, కాల్తా లేదు."

ఆయన పోయి చాలా కాలమైంది. ఇప్పటికీ ఏ పని మొండికేసినా, ఆ గోరువెచ్చని రేకు నా అరచేతికి తగులుతుంది. అప్పుడు ఇంకా గట్టిగా తొయ్యడం ఆపి, ఎక్కడ మూసుకుపోయిందో వెతుకుతాను. ఇడ్సిపెట్టడం మాత్రం నాకు చేతకాలేదు.