ఇస్త్రీ మచ్చ పడిన మొదటి రాక

మా బావ గడియారాలు బాగుచేస్తాడు. కంటికి బిగించుకునే ఆ నల్ల భూతద్దంతోనే, ఇంటికొచ్చాక, పాత సూపర్ హీరో కామిక్స్ చూస్తాడు. అన్నీ కాదు. ఏ హీరో అయినా తొలిసారి కనిపించిన సంచిక మాత్రమే. దానికాయన పెట్టుకున్న పేరు ‘మొదటి రాక’. ఒక హీరోకి ఒకటే ప్రతి. ఇంకా మంచిది దొరికితే పాతది ఇల్లు దాటాల్సిందే.

వాటిలో మెరుపు ముసుగువాడి మొదటి రాక ఆయన ప్రాణం. చివరి బొమ్మలో వాడి వీపు మాత్రమే కనిపిస్తుంది. ఆ పేజీ ముడతలు పడిందని మా అక్క జాలిపడి, ఆయన లేనప్పుడు ఇస్త్రీ చేసింది. ముడతలు పోయాయి. వీపు కూడా పోయింది. ఇస్త్రీపెట్టె మొన ఆకారంలో గోధుమరంగు మచ్చ మిగిలింది.

“నా గదిలో నీకేం పని?” అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు బావ.

“ఇక మీ గదిలో అడుగు పెడితే ఒట్టు,” అంది అక్క.

అన్నంత పనీ చేసింది. కాఫీ గడప బయటే పెట్టి తలుపు తట్టేది. “ఒట్టు తీసి గట్టు మీద పెట్టవే,” అని ఆయన బతిమాలేవాడు. ఆమె నవ్వేది, గడప మాత్రం దాటేది కాదు. జబ్బుచేసి పోయేదాకా దాటలేదు.

మొన్న గోనెసంచి వచ్చాడు. పుస్తకాలు సంచిలో మోసుకొచ్చే బావ స్నేహితుడికి మేం పెట్టిన పేరది. మచ్చలేని మెరుపు ముసుగువాణ్ణి తెచ్చి, బదులుగా ఇంకో పుస్తకం పట్టుకెళ్ళాడు. బావ నియమం ప్రకారం మచ్చది పోవాలి. దాన్ని పెట్టెలోంచి తీశాడో లేదో, గదిలో మాడు వాసన మొదలైందట. నన్ను పిలిపించాడు.

“నీ ముక్కు పనిచేస్తోందిరా?”

“చేస్తోంది బావా. కాగితం మాడుతోంది.”

వంటిల్లు చూశాను, స్విచ్చులన్నీ చూశాను. అక్క ఇస్త్రీపెట్టె వైరు చుట్టుకుని అలమరాలో ఉంది. నేను మహా ధైర్యవంతుణ్ణి కదా, వేలితో తాకాను. చల్లగానే ఉంది. అయినా చటుక్కున వేలు నోట్లో పెట్టుకున్నాను. బావ చూడనే చూశాడు. నవ్వలేదు.

“గడప దాటిందిరా మీ అక్క,” అన్నాడు మెల్లగా. “ఇది ఇచ్చేస్తే అలిగి మళ్ళీ రాదేమో. ఉంచుకుంటే, ఇక పనేముందని వెళ్ళిపోతుందేమో.”

మర్నాడు గోనెసంచిని పిలిచి కొత్తది తిరిగి ఇచ్చేశాడు.

“ఏం లోపం కనిపించింది గురూ?” అన్నాడతను నివ్వెరపోయి.

“మరీ శుభ్రంగా ఉంది.”

అతను వెళ్ళాక బావ మచ్చదాన్ని పెట్టెలో దాని చోట పెట్టాడు. వాసన పోలేదు. బావ గడపవైపు కాదు, గది మధ్యకి తిరిగి అన్నాడు: “చాల్లేవే, ఇది ఎక్కడికీ పోదు. నువ్వూ ఉండు. స్విచ్చి మాత్రం ఆపెయ్.”

ఎక్కడో టక్కుమంది. గోడ మీది స్విచ్చా, బల్ల మీది గడియారమా అని నేను అడగలేదు.

బావ పక్క కుర్చీలోని పుస్తకాలు తీసి కింద పెట్టాడు. పాపం, నిలబడ్డానని నాకోసమేమోననుకుని కూర్చోబోయాను.

“నీక్కాదురా,” అన్నాడు.