ఊటీ సరస్సులో ముగ్గురం

పక్క ఫ్లాట్‌లో కొత్తగా దిగిన అమ్మాయి మొన్న శుక్రవారం తాళంచెవి నా చేతికిచ్చి, కుండీలకు నీళ్ళు పోయమని చెప్పి, మొగుడితో ఊటీ బయలుదేరింది. "ఆంటీ, మీరు ఊటీ చూశారా?" అని అడిగింది. చూశానన్నాను. అక్కడ ఏం బాగుంటుందని కూడా అడిగింది. నేను ఊటీ చూసింది ఒకే ఒక్క రోజు, అదీ నలభై అయిదేళ్ళ కిందటి సంగతి. ఆ రోజును తలుచుకుంటే పూలూ కొండలూ ముందుగా గుర్తురావు. ఒక ఈల చప్పుడు గుర్తొస్తుంది, మా ఆయనకూ నాకూ మధ్య కూర్చున్న ఒక పెద్దమనిషి తలపాగా గుర్తొస్తుంది. ఆ అమ్మాయికి ఇవన్నీ ఎందుకని, స్వెట్టరు మర్చిపోకమ్మా అని మాత్రం చెప్పి పంపాను.

అప్పటికి నాకు పెళ్ళై ఎనిమిది నెలలు. దొడ్డబళ్ళాపురంలో బడిపంతులు కూతురిని, బెంగుళూరు పేటలో పట్టుచీరల అంగడివాళ్ళ ఇంటికి కోడలిగా వచ్చాను. కింద అంగడి, పైన ఇల్లు. మూడు గదుల్లో తొమ్మిదిమందిమి. మా ఇద్దరికీ ఇచ్చింది హాల్లో ఒక మూల, దానికి ఒక పూల కర్టెన్. ఆ కర్టెన్‌కు అవతలే మా అత్తగారి మంచం. ఇవతల నేను నిట్టూరిస్తే అవతలనుంచి "ఏమ్మా, నీళ్ళు కావల్నా?" అని వినిపించేది. ఆవిడ మంచి మనిషే, చెవులు ఇంకా మంచివి. పెద్దవాళ్ళ ఎదురుగా మొగుడితో మాట్లాడటం ఆ ఇంట్లో మర్యాద కాదు. పెద్దవాళ్ళు ఎదురుగా లేని చోటు ఆ ఇంట్లో లేదు. అందుచేత ఎనిమిది నెలల్లో మేమిద్దరం మాట్లాడుకున్నదంతా కలిపి రాసినా ఒక పోస్టుకార్డు నిండేది కాదేమో.

ఆ ఇంట్లో అన్నిటికీ చెల్లే మాట ఒకటుండేది: చూద్దాం. మా మామగారు ఎవరినీ కసిరి ఎరుగరు, కాదని ఎరుగరు. మేడమీదకు నీళ్ళ కొళాయి పెట్టిద్దామంటే "చూద్దాం" అన్నారట. నేను కాపురానికి వచ్చేసరికి ఆ మాటకు ఆరేళ్ళు. మా ఆడబిడ్డ పియుసి చదువుతానంటే "చూద్దాం" అన్నారు, ఆ అమ్మాయిని ఆనేకల్‌లో ఇచ్చి పెళ్ళి చేశారు. ఆ ఇంట్లో తలుపులు ఆ మాటతోనే మెత్తగా మూసుకునేవి. అలాంటి ఇంటికి నా పేరున ఒక ఉత్తరం వచ్చింది. పెళ్ళికి ముందు రాసిన టైపు పరీక్షలు, వెళ్ళొచ్చిన ఇంటర్వ్యూ ఫలించి, కె.ఆర్.పురం దగ్గర ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో టైపిస్టు ఉద్యోగం. ఫలానా సోమవారం సాయంత్రంలోగా చేరాలి, లేకపోతే ఇంకొకరికి పోతుంది. మామగారు కళ్ళజోడు పెట్టుకొని చదివి, మడిచి, "చూద్దాం" అన్నారు. మా ఆయన కూడా చదివారు. నా చేతికిచ్చి అంగడికి దిగిపోయారు. ఆయన వాళ్ళ నాయనకే కాదు, పెద్దవాళ్ళెవరికీ ఎదురు చెప్పగా నేను చూడలేదు. నాకా ఉద్యోగం కావాలి. జీతం సంగతి అలా ఉంచితే, పొద్దున్నే ఆ మెట్లు దిగి నాదంటూ ఒక చోటికి వెళ్ళాలని ప్రాణం కొట్టుకుపోయేది. మా ఆయన వాళ్ళ నాయనతో ఒక్క మాట చెబితే చాలు. చెప్పమని అడగడానికి కర్టెన్ లేని చోటు దొరకాలి.

దొరికింది, ఆ సోమవారానికి సరిగ్గా ముందు రోజు. పేట వ్యాపారులు కొందరు కలిసి ఊటీకి బస్సు మాట్లాడుకున్నారు. మా మామగారు తనకూ అత్తగారికీ రెండు సీట్లు తీసుకొని, తీరా బయలుదేరే ముందు మోకాళ్ళు పట్టేసి, మమ్మల్ని వెళ్ళమన్నారు. ఉత్తరాన్ని జాకెట్లో దాచుకొని బస్సెక్కాను. ఎక్కాక తెలిసింది, మా పక్క సీటు మామగారి ప్రాణస్నేహితుడిదని. వెండి అంగడి పెద్దాయన. భార్య పోయి చాలాకాలమైంది, మాటతోడు లేనిదే ఆయనకు పొద్దుపోదు. స్నేహితుడు రాలేదు గనుక స్నేహితుడి కొడుకూ కోడలూ ఆయన పాలబడ్డారు. ఇక మేం తుమ్మినా సోమవారం పొద్దునకల్లా మామగారి చెవిన పడుతుందని నాకు అర్థమైపోయింది. శనివారం సాయంత్రం దిగిన సత్రంలో మగవాళ్ళకొక హాలు, ఆడవాళ్ళకొక హాలు. మిగిలింది ఆదివారం.

ఆదివారం చూడవలసినవి తొమ్మిది అని గైడు కన్నడంలో ప్రకటించాడు. అతని మెడలో ఒక ఈల. ఒక్కొక్క చోట ఇరవై నిమిషాలు. ఈల వినపడగానే బస్సులో ఉండాలి, లేకపోతే వదిలేసి పోతానన్నాడు. తోటలో ఒక గులాబీ మడి దగ్గర "మీతో ఒక మాట" అన్నానో లేదో, వెనకనుంచి "ఈ పువ్వు పేరేమప్పా, మన లాల్‌బాగ్‌లోనూ ఉండాది చూడు" అంటూ పెద్దాయన వచ్చేశారు. కొండ శిఖరం మీద మంచు కమ్మి పక్కనున్న మనిషి కనపడలేదు. ఇదే అదను అనుకొని మసకలో కనిపించిన చొక్కా చెయ్యి పట్టుకుంటే అది గైడుది. అతను బెదిరిపోయి ఈల ఊదాడు. ఏమీ కనపడకపోయినా శిఖరం చూసినట్టే లెక్క. టీ తోటల దగ్గర పెద్దాయన మా మామగారి మోకాళ్ళకని నీలగిరి తైలం సీసా కొని, మా ఇద్దరికీ వాసన చూపించారు. "ఇంకేమి చూద్దామప్పా?" అని ఆయన అడగడం, "గుర్రాలు చూద్దాం చిన్నాయనా" అని మా ఆయన అనడం. ఊటీలోనూ ఆ ‘చూద్దాం’ నన్ను వదల్లేదు. అంత ఆకాశం కింద, అన్ని కొండల మధ్య, మా హాలు మూలకన్నా ఇరుకుగా అనిపించింది.

చిట్టచివరిది సరస్సు. నడిపేవాడు కాక పడవలో ముగ్గురికి చోటు. నీళ్ళంటే తనకు భయమని పెద్దాయన దారిలోనే చెప్పారు కనుక ఒడ్డున ఉండిపోతారని ఆశపడ్డాను. ఒంటరిగా ఒడ్డున ఉండటమంటే ఆయనకు ఇంకా భయమట. పడవలోకి దిగి, మా ఇద్దరి మధ్యా కూర్చుని, చెరొక చేత్తో మా చేతులు గట్టిగా పట్టుకొని, కళ్ళు మూసుకొని దేవుణ్ణి తలుచుకోసాగారు. నీలగిరి చెట్లు, గుర్రాల మీద పిల్లలు, గట్టున వేరుశనగలు అమ్మే మనిషి, అన్నీ చిన్నవైపోయాయి. దీని తరువాత చూడవలసింది ఏమీ లేదు, ఇంటికి పోయే బస్సు తప్ప. తలపాగా మీదుగా మా ఆయన వైపు చూసి అడిగేశాను.

"రేపు నేను పనిలో చేరల్ల. మీ నాయనకు మీరు చెప్తారా, లేదా?"

మా ఆయన తెడ్డు వైపు చూశారు. "చూద్దాం" అన్నారు.

"పొద్దున్నించీ చూస్తానే ఉండాము కదా. దీన్నీ చూసేదేనా? అవుననో కాదనో ఒక మాట చెప్పండి."

చెప్పలేదు. ఖాళీగా ఉన్న చేత్తో పడవ అంచు గీకుతూ కూర్చున్నారు. నాకు ఏడుపు రాలేదు; ఒళ్ళు మండిపోయింది, ఆ వెనకే భయం పట్టుకుంది. లేచి పోదామంటే నాలుగు వైపులా నీళ్ళు. విదిలించుకుందామంటే నా చెయ్యి పెద్దాయన పిడికిట్లో ఉంది. ఇక బతుకంతా ఇంతే అనుకున్నాను. పెద్దాయన కళ్ళు తెరవకుండానే "గట్టు వచ్చినాదా అప్పా?" అని అడిగారు. అంతలో గట్టు మీద గైడు ఈల వేశాడు.

తిరుగు ప్రయాణమంతా మా ఆయన నిద్రపోయినట్టు నటించారు, నేను నమ్మినట్టు నటించాను. సోమవారం పొద్దున ఎనిమిదింటికి మామగారు పేపరు చదువుతున్నారు, మా ఆయన కాఫీ లోటా పట్టుకొని నిలబడ్డారు, నేను వంటింటి గడపలో బియ్యం ఏరుతున్నాను. మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. పెద్దాయన తైలం సీసాతో వచ్చారు. నా పని అయిపోయిందనుకున్నాను. పడవలో మొగుణ్ణి నిలదీసిన కోడలి సంగతి ఇప్పుడు హాలంతా వినిపిస్తుంది. ఆయన సీసా ఇచ్చి, కూర్చుని, ఊటీ చలి గురించి చెప్పి, అప్పుడు నా వైపు తిరిగి "ఏమ్మా, నువ్వింకా పనికి పోలేదా?" అన్నారు.

మామగారు పేపరు దించారు.

"ఏమప్పా, నీ కొడుకు నీకింకా చెప్పలేదా? నిన్న పడవలో మాటిచ్చినాడే. ‘నాయనకు నేను చెప్పుకుంటా, నువ్వు పోయి చేరు’ అనె. ఇద్దరి చేతులూ నేనే పట్టుకొని ఉంటిని."

"అంటివా?" అని మామగారు కొడుకును అడిగారు.

మా ఆయన లోటాను కిటికీలో పెట్టారు. కాదంటే వాళ్ళ నాయన ఎదుటే పెద్దాయనను అబద్ధాలకోరును చేసినట్టవుతుంది. పెద్దవాళ్ళ మాట కాదనడం మా ఆయనకు చేతకాదు. ఎనిమిది నెలలు నన్ను ఉక్కిరిబిక్కిరి చేసిన ఆ చేతకానితనమే అప్పుడు నాకు అక్కరకొచ్చింది. "ఊ, అంటిని నాయనా" అన్నారు. స్నేహితుడి ముందు, కొడుకు ఇచ్చేసిన మాటకు చూద్దాం అనడం మామగారికీ కుదరలేదు. "మాటిచ్చినాక ఇంకేముండాది. పోయి రానీ" అని పేపరు ఎత్తుకున్నారు. బియ్యం చేట అక్కడే వదిలేసి, తడి జడతోనే మార్కెట్ దగ్గర బస్సెక్కాను. కిటికీ పక్కన కూర్చున్నాక అప్పుడు ఏడ్చాను.

చాలా ఏళ్ళ తరువాత ఒకసారి పెద్దాయనను అడిగాను, ఆ రోజు ఎందుకలా చెప్పారని. "ఏమో తల్లీ, నీళ్ళ భయంలో ఏమి వింటినో ఏమో" అన్నారు. నవ్వలేదు కూడా. ఇప్పుడు పెద్దాయన లేరు, మామగారూ లేరు. మా ఆయన మాత్రం ఇంటికి చుట్టాలెవరొచ్చినా "నేనే పంపించినాను ఉద్యోగానికి, ఊటీలో పడవలో మాటిచ్చినాను" అని చెప్పుకుంటారు. మొదట్లో కావాలనే అంటున్నారని ఉడుక్కునేదాన్ని. రానురాను ఆయనకు నిజంగా అలాగే గుర్తుందని తెలిసింది. ఆ మాట అన్నప్పుడు సన్నగా వాన పడుతోందని కూడా ఈమధ్య చేర్చారు. నేను సరిదిద్దను. ఆయన అనని ఆ ఒక్క మాట మీద ముప్పై మూడేళ్ళు ఉద్యోగం చేశాను. ఇన్నేళ్ళు గడిచాక అది అన్న మాటే అయిపోయింది.