మామ నా చేతిలో పెట్టిన ఫ్యూజు

నా చిన్నప్పుడు నన్ను ఒకచోట కూర్చోబెట్టడం ఎవరివల్లా అయ్యేది కాదు. బళ్లో పాఠం నడుస్తుంటే నా మనసు గేటు బయట తిరిగేది. ఏడో తరగతి తప్పాక మా అమ్మ విసిగిపోయింది. "పుస్తకం ముంగట కూసోడు. నీ పనన్న నేర్పు తమ్మీ" అని నన్ను మా మేనమామకు అప్పజెప్పింది.

మా మామ యూనివర్సిటీలో కరెంటు మిస్త్రీ. అరవయ్యో దశకం చివరి రోజులవి. తార్నాకలో మేమూ ఆయనా ఒకే వాకిట్లో ఉండేవాళ్లం. పొద్దున్నే ఆయన నిచ్చెన భుజానికెత్తుకుని సీతాఫలం పొదల మధ్య కాలిబాటన క్యాంపస్‌కు నడిచేవాడు, నేను పనిముట్ల సంచి మోసేవాడిని. ఆయన దగ్గర కొన్నేళ్లు చేస్తే లైసెన్సు పరీక్షకు కూర్చోవచ్చు. అది పాసైతే నేనూ మిస్త్రీనే. మామ మాత్రం ఒకే మాట అన్నాడు. "ఎండకాలం అయిపోయేదాంక చూస్త. పనికొస్తే ఉంచుకుంట, లేకుంటే మళ్ల బడికే."

నాకు బడికి పోవాలని లేదు, అలాగని మామ చెప్పే పని కూడా నచ్చేది కాదు. చెక్కపట్టీల మీద వైర్లు పట్టి ఉంచే రేకు క్లిప్పులు కొట్టమనేవాడు. వంకర పోయినవి పీకి మళ్లీ కొట్టమనేవాడు. వైరు ఎప్పుడు ముట్టనిస్తావని నేను రోజూ సతాయించేవాడిని. ఆయన విననట్టే బీడీ వెలిగించుకునేవాడు.

ఒకరోజు హాస్టల్లో పాత వైరింగు మార్చే పని పడింది. రబ్బరు ఎండి పెచ్చులూడుతున్న తీగలవి. మామ మెట్ల కింద ఉన్న బోర్డులోంచి తెల్ల పింగాణీ ఫ్యూజు ఒకటి లాగి నా చేతిలో పెట్టాడు.

"గీడనే కూసో. ఇది నీ చేతులున్నంతసేపు ఆ లైన్ల కరెంటు రాదు. ఎవరడిగినా ఇయ్యకు. నేనొచ్చేదాంక లెవ్వకు."

"గింతేనా పని?"

"గింతే."

ఆయన వరండా మలుపు తిరిగి అవతలికి వెళ్లిపోయాడు. అక్కడినుంచి సుత్తి చప్పుడు తప్ప ఇంకేమీ తెలియదు. నేను మెట్టు మీద కూర్చున్నాను. లేచాను. మళ్లీ కూర్చున్నాను. ఫ్యూజును ఎగరేసి పట్టుకున్నాను. నన్ను నౌకరీలో పెట్టి కాపలా కుక్కను చేశాడని లోపల ఉడికిపోయాను.

అప్పుడు పై చదువు చదివే ఒకాయన చేతిలో ఇస్త్రీపెట్టె, భుజం మీద నలిగిన చొక్కాతో వచ్చాడు. మనిషి హడావిడిగా ఉన్నాడు. ఆ మధ్యాహ్నమే ఆయనకు ఉద్యోగం ఇంటర్వ్యూ అట. నా చేతిలో ఫ్యూజు చూసి నవ్వాడు.

"అరె, గింత పొట్టి మిస్త్రీ ఏడ దొరికిండు! మిస్త్రీ సాబ్, పని అయిపోయిందా? జర కరెంటిస్తే అంగీ ఇస్త్రీ చేసుకుంట."

నన్ను మిస్త్రీ అని పిలిచిన మొదటి మనిషి ఆయన. నాకేమీ తెలియదు, నేను ఊరికే కాపలా ఉన్నాను అని చెప్పడానికి నోరు రాలేదు. అప్పటికి సుత్తి చప్పుడు కూడా ఆగిపోయింది. పని అయ్యే ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను.

"అయిపోయింది సార్. నేనే చూస్తున్న" అన్నాను.

మునివేళ్ల మీద లేచి ఫ్యూజును బోర్డులో బిగించాను. ఆయన ఇస్త్రీపెట్టె తగిలించాడు, చెయ్యి పెట్టి చూశాడు. చల్లగానే ఉంది. నేను వరండా దీపం స్విచ్చి నొక్కాను. అదీ వెలగలేదు. ఫ్యూజు బయటికి లాగి వెనక్కి తిప్పి చూశాను. రెండు మరమేకుల మధ్య కరెంటు పారడానికి ఉండాల్సిన సన్న తీగ లేదు. పొద్దుటినుంచి నేను పట్టుకున్నది ఉత్త పింగాణీ ముక్క.

ఇక్కడ నేను దాచకుండా చెప్పవలసింది ఒకటి ఉంది. నాకు మొదట వచ్చింది కోపం. మామకు ఏమై ఉండేదన్న ఆలోచనే రాలేదు. చిన్నపిల్లాడికి బొమ్మ ఇచ్చినట్టు ఇచ్చి నన్ను మోసం చేశాడని వరండా మలుపు దాకా పరుగెత్తాను.

మామ నిచ్చెన పైమెట్టు మీద ఉన్నాడు. సుత్తి నడుముకు దోపుకుని, ఒలిచిన రెండు రాగి తీగల కొనలు వేళ్లతో పట్టుకుని పెనవేస్తున్నాడు.

"నాకు ఉత్త ఫ్యూజిచ్చినవ్!" అని అరిచాను.

ఆయన వేళ్లు ఆగిపోయాయి.

"ఉత్తదని నీకెట్ల తెల్సింది?"

నా వెనకే వచ్చిన ఆ విద్యార్థి నిచ్చెన మీది మనిషిని, ఆ చేతుల్లోని తీగలను చూసి తెల్లబోయాడు. "అయ్యో అన్నా, పని అయిపోయిందన్నడు గద" అన్నాడు.

మామ దిగి వచ్చి నిచ్చెన కిందిమెట్టు మీద కూర్చున్నాడు. "తార్నాక సెంటర్ల బొగ్గుల ఇస్త్రీ ఉంటది సార్, జల్ది పోండ్రి, టైముకు అందుతరు" అని ఆయన్ను పంపేశాడు. తర్వాత బీడీ తీశాడు. అగ్గిపుల్ల ఒకటి విరిగింది. రెండోది ఆరిపోయింది. నా కోపం ఎటుపోయిందో తెలియదు.

కొడతాడనుకున్నాను. కొట్టలేదు. "అందుల తీగుంటే నేను చచ్చిపోతుంటినిరా" అన్నాడు, గొంతు పెంచకుండా. "అమ్మకేం చెప్తుంటివి?"

నన్ను ఇంటికి పంపేస్తాడని తేలిపోయింది. చెట్టుకింద కూర్చుని జొన్నరొట్టె విప్పితే ఒక్క ముక్క కూడా మింగలేకపోయాను. మామ తిని చేతులు కడుక్కుని డబ్బాలోంచి ఫ్యూజు తీగ తీశాడు. నేను చూస్తుండగానే ఆ పింగాణీలోకి ఎక్కించి, రెండు మరలు బిగించి, లాగి చూసి, నా అరచేతిలో పెట్టాడు.

"ఇగ ఇది అసలుది" అన్నాడు. మళ్లీ మెట్ల కింద నన్ను కూర్చోబెట్టి మలుపు తిరిగి వెళ్లి నిచ్చెనెక్కాడు.

ఆ మధ్యాహ్నం నేను పడిన అవస్థ ఎలా చెప్పను. సుత్తి మోగుతున్నంతసేపు ఊపిరి ఆడేది. ఆగిందంటే, ఇప్పుడు ఆయన వేళ్లు తీగల మీద ఉన్నాయని గుండె కొట్టుకునేది. చీమలు కాలెక్కినా దులుపుకోలేదు. బాత్రూముకు పోవాలనిపించినా లేవలేదు. ఎవరైనా వరండాలోకి వస్తే రెండు చేతులూ తొడల మధ్య దాచుకున్నాను. ఒంట్లో ప్రతి నరమూ పరుగెత్తమంటోంది, నేను మాత్రం కదలలేదు. పొద్దువాలుతుండగా మామ వచ్చి చెయ్యి చాచాడు. వేళ్లు బిగుసుకుపోయి ఫ్యూజును వెంటనే వదల్లేకపోయాను.

ఆ ఎండాకాలం తర్వాత నన్ను బడికి పంపలేదు. కొన్నేళ్లకు పరీక్ష పాసై నేనూ మిస్త్రీనయ్యాను. చాలాకాలం ఈ కథ చెబుతూ తప్పంతా ఆ ఇస్త్రీపెట్టె మనిషిదే అన్నట్టు నవ్వించేవాడిని. పాపం, ఆయన పని అయిపోయిందా అని అడిగాకే కరెంటు ఇమ్మన్నాడు. అయిపోయిందన్నది నేను.

కానీ నన్ను ఎక్కువ బాధపెట్టేది అది కాదు. నా దగ్గరా పిల్లలు పని నేర్చుకున్నారు. ఫ్యూజు తీసిన ప్రతిసారీ నేను దాన్ని నా జేబులోనే వేసుకున్నాను. "నాకియ్యి కాకా, నేను పట్టుకుంట" అని ఒక కుర్రాడు బతిమాలితే, పోయి క్లిప్పులు కొట్టమన్నాను. కొన్నాళ్లకు వాడు ఇంకో మిస్త్రీని చూసుకున్నాడు. అదంతా జాగ్రత్త అని చెప్పుకుంటూ వచ్చాను, కొంతవరకు నిజమే కూడా. అయినా మామ ఒక్క పూటలో చేసిన పని నాకు జన్మంతా చేతకాలేదు. ప్రతి పిల్లాడిలో నాకు ఆ పొద్దున ఫ్యూజు బిగించినవాడే కనిపించాడు. మధ్యాహ్నం దాన్ని వదలకుండా కూర్చున్నవాడు కూడా వాడే కదా అని ఇప్పటికీ నాకు నేను గుర్తుచేసుకోవలసి వస్తోంది.